మిట్టమధ్యాహ్నం వచ్చే బాలవ్వ

2023 ఎండాకాలం. కోరుట్లలో నేను ల్యాబ్ పెట్టుకుని అప్పటికే చాలా ఏళ్లయింది. ల్యాబ్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, వెనక గదిలో రెండు మిషన్లు, మధ్యలో ఒక పరదా, ఆ పరదా వెనక నేను. కదల్లేని పెద్దవాళ్లకు ఇంటికే వెళ్లి రక్తం తీసుకొస్తాను. మా వృత్తిలో దీన్ని హోమ్ కలెక్షన్ అంటారు. మా ఆయన దోమల డ్యూటీ అంటాడు. తేడా ఉంది, దోమ రిపోర్టు ఇవ్వదు. ఊళ్లో సగం మందితో నాకు రక్తసంబంధమే. పెళ్లి పిలుపులు మాత్రం ఆ లెక్కన రావు.

రాజవ్వ ఇంటికి వెళ్లడం ఆ వేసవిలోనే మొదలైంది. డెబ్బై దాటిన మనిషి, చాలాకాలంగా షుగర్. బతుకంతా బీడీలు చుట్టడంతో ఆమె వేళ్ల కొనలు ఎంత మొద్దుబారాయంటే గ్లూకోమీటర్ సూది దిగేది కాదు. చేతికి పట్టీ కట్టి నరం నుంచే తీయాలి. బీడీలు మానేసి ఏళ్లు గడిచినా, కునుకు పట్టినప్పుడు ఆ వేళ్లు ఒళ్లో వాటంతటవే ఆకు చుడుతూ ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు నాకు ముచ్చటేసింది. రెండోసారి అంత ముచ్చటేయలేదు.

ఆమె కుడికాలి వేలొకటి నల్లబడింది. జగిత్యాలలో షుగర్ జబ్బులు చూసే డాక్టర్ గారు చూసి, వేలు తీసేస్తే పాదం దక్కుతుందని, ఆలస్యం చేస్తే పాదమే పోతుందని చెప్పారు. ఆపరేషన్‌కు ముందు షుగర్ అదుపులోకి రావాలి గనుక తరచూ పరీక్ష చేయమన్నారు. అదీ నా పని. షుగర్ అదుపు నా చేతిలో లేదు, కొలత మాత్రమే నా చేతిలో ఉంది. రాజవ్వ జగిత్యాలకు వెళ్లడమన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

"ఎన్నడు పోతవవ్వా దవాఖానకు?" అని అడిగితే, "పోత తియ్యి. యేలు యాడికి వోతది," అనేది.

నిజానికి అది పోతూనే ఉంది.

షుగర్‌కు రెండుసార్లు రక్తం తీస్తాం. ఏమీ తినకముందు తీసేది ఫాస్టింగ్. తిన్న రెండు గంటలకు తీసేది పీపీ. రాజవ్వ పొద్దున పది గంటలకు బువ్వ తినేది కాబట్టి, పీపీకి నేను వెళ్లేసరికి పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉండేది. ఆమె ఫాస్టింగ్ ఓ మాదిరిగా ఉండేది. పీపీ మాత్రం చెట్టెక్కి కూర్చునేది. మా మిషన్ మీద అనుమానం వచ్చి కంట్రోల్ నడిపాను. కంట్రోల్ అంటే ఫలితం ముందే తెలిసిన ద్రవం, మిషన్ నిజం చెబుతోందా లేదా అని దానికి మనం పెట్టే పరీక్ష. మిషన్ పాసైంది. ఆ ఇంట్లో పాసు కావాల్సింది ఇక నేనే.

ఆ మధ్యాహ్నం రాజవ్వ మంచం పక్కన, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఆమె చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతున్నాను. కళ్లు సగం మూసి ఉన్న మనిషి ఉన్నట్టుండి నా భుజం మీదుగా చూసింది.

"బిడ్డా, జర పక్కకు జరుగు."

"ఎందుకవ్వా?"

"అది లోపటికి రావద్దా? తొవ్వకు అడ్డం కూసున్నవు."

జరిగాను. జరిగాక గానీ ఎవరి కోసం జరిగానన్న ఆలోచన రాలేదు. తిరిగి చూస్తే గడప, గడప అవతల సున్నం కొట్టినట్టు తెల్లటి ఎండ. ఎవరూ లేరు.

"ఎవలవ్వా?"

"మా బాలి. నెత్తి గట్లనే తడిగున్నది సూడు. సుజాతా, తువ్వాల తే."

కోడలు సుజాత వంటింట్లోంచి తువ్వాల తెచ్చి, అత్త ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. రోజూ చేసే పనిలాగే. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. రాజవ్వ గడప వైపు చూస్తూ, "రావే, గాడనే నిలవడ్డవేంది," అని మెల్లగా పిలుస్తోంది. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు. కూలర్ అయి ఉంటుందనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. మా అమ్మీ చిన్నప్పుడు నేర్పిన దువా సగమే గుర్తొచ్చింది. మిగతా సగం కోసం ఆగకుండా రక్తం తీసేశాను. ట్యూబు మీద ఆమె పేరు మాత్రం రెండుసార్లు రాశాను.

వంటింట్లోకి వెళ్లి సుజాతను అడిగాను.

"మా అత్తమ్మ చెల్లెలు, బాలవ్వ అక్కా. జగిత్యాలల ఉండె. నిరుడు చలికాలం సచ్చిపోయింది. గామెకు గూడ షుగరే, గామెకు గూడ కాలే. గిప్పుడు దినాం పొద్దు నెత్తిమీదికి రాంగనే గడప కాడికి అత్తదట. తల తుడువవే అక్కా అంటదట. గీమె తువ్వాల పట్టుకొని లేచేసరికి పోతదట."

"దవాఖానకు పోకపోవుడు గందుకేనా?"

"గందుకే. నేను జగిత్యాలల పండుకుంటె అది ఎవలింటికి అత్తది అంటది. మా ఆయనేమో గాలి సోకింది, ఎవలనన్న పిలిపిద్దామంటున్నడు. చాయ్ తాగుతవా అక్కా?"

దెయ్యం సంగతికీ చాయ్ సంగతికీ మధ్య ఆమె ఊపిరి కూడా మార్చలేదు. తాగుతానన్నాను. ఆమె చక్కెర కోసం చెయ్యి చాపిన అరలో, పసుపు డబ్బా పక్కన, మందంపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి కనిపించింది. లోపల జీలకర్ర. పైన సగం చిరిగిన ఇంగ్లీషు కాగితం, దాని మీద చందమామ బొమ్మ. జీలకర్రకూ చందమామకూ చుట్టరికం ఏమిటో అర్థం కాక చేతిలోకి తీసుకున్నాను.

"మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిండు. షుగరున్న ముసలోళ్లకు లోపట తుప్పు వడ్తదటగదా, గా తుప్పు గోళీలు. సీసా మంచిగున్నదని జీలకర్ర వోసిన."

"గోళీలేవి మరి?"

"షుగర్ గోళీల డబ్బల కలిపిన. పొద్దుగాల బువ్వ తిన్నంక ఒకటి, మాపటీలి ఒకటి. యాది మరువకుంట ఏస్తున్న."

"డాక్టరుకు సూపెట్టినవా?"

సుజాత నన్ను వింతగా చూసింది. "ఆయన రాసిన గోళీల అట్టలన్ని సూపెట్టిన. గివి ఆయన రాయలేదు గదక్కా. ఆయనకెందుకు సూపెట్టుడు?"

మా వైపు ఇదొక మర్యాద. డాక్టర్ రాసినవి డాక్టర్‌కు చూపిస్తారు. గల్ఫ్ నుంచి వచ్చినవి చుట్టపు సరుకు కింద లెక్క. సెంటు, సబ్బు, ఖర్జూరాలు, గోళీలు అన్నీ ఒకే కార్టన్‌లో దిగుతాయి. సెంటు సీసాను డాక్టర్‌కు ఎవరైనా చూపిస్తారా?

కాగితం మీద మిగిలిన అక్షరాలు కూడబలుక్కుంటే మెలటోనిన్ అని తేలింది. ఆ పేరు విన్నానే గానీ దాని గుణం నాకు తెలియదు. ఫోటో తీసి డాక్టర్ గారికి పంపాను. సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"అది నిద్రకు సంబంధించినదమ్మా. చీకటి పడగానే మన మెదడే వదులుతుంది. రాత్రయిందని ఒంటికి వేసే చాటింపు అనుకో."

"మరి తుప్పు సంగతేంది సార్?"

"ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. షుగర్ చాలాకాలం ఉన్న పెద్దవాళ్లలో ఒంట్లోని కణాలు లోపల్లోపల దెబ్బతింటుంటయి, వానకు తడిసిన ఇనుము తుప్పు పట్టినట్టు. మెలటోనిన్ దాన్ని తగ్గిస్తదా అని పరిశోధనలు జరుగుతున్నయి. కొన్నింట్ల ఆశ కనవడ్తుంది. కాని ఆశను గోళీ లెక్క మింగద్దు గద. ఎవరికి, ఎంత, ఏ వేళకు అన్నది తేలాలె. ఈమె పొద్దున మింగుతుంది. బయట ఎండ, లోపల రాత్రి. కొందరు పెద్దవాళ్లకు మత్తు దిగదు, కల ఏదో మెలకువ ఏదో తెలువది. తిండితోని పడితే కొందరికి షుగర్ గూడ పెరగవచ్చు."

"ఖాయమేనా సార్?"

"ఖాయమని నేను అనలేదు. ఆపి చూద్దాం అంటున్న."

తెలుగులో ఒక్క 'పట్టడం' ఉంటే చాలు. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, దెయ్యం పడుతుంది, చివరికి రోగం ఏమిటో డాక్టర్‌కు పట్టుబడుతుంది. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు. చందమామ బొమ్మ సీసాలు మా ఊళ్లో ఇంకెన్ని వంటిళ్లలో జీలకర్ర మోస్తున్నాయో అని.

సుజాత ఆ గోళీలను డబ్బాలోంచి ఏరేసింది. కొద్ది రోజులకు పీపీ చెట్టు దిగింది. రాజవ్వ ముఖంలో మబ్బు తేలిపోయింది. మధ్యాహ్నాలు గడప ఖాళీగా ఉంది. కేసు తేలిందని నేను పరదా వెనక కాలర్ ఎగరేసుకున్నాను. చుడీదార్‌కు కాలర్ ఉండదు కాబట్టి దుపట్టా సర్దుకున్నాను.

కానీ రాజవ్వ కదల్లేదు. పైగా మంచం గడప దగ్గరికి జరిపించుకుంది. ఒళ్లో తువ్వాల, కళ్లు వాకిట్లో.

"అది అలిగింది బిడ్డా. పిలిచి పిలిచి అలిగింది. రేపో మాపో అత్తది. నేను లేని యాళ్లకు అత్తె ఎట్ల?"

"అవ్వా, గది గోళీల మహిమ. డాక్టర్ సారు చెప్పిండు."

"గోళీలకు మా బాలి మొఖం ఎట్ల ఎరుక?"

ట్యూబులు సర్దుకుని లేచాను. నలుపు వేలి మొదట్లోకి పాకింది. ఈ వారం దాటితే పాదం దక్కుతుందన్న మాట తను నిలబెట్టుకోలేనని డాక్టర్ గారు ఫోన్‌లో అన్నారు.

సుజాత తమ్ముడు తెచ్చిన సీసాలు రెండు. రెండోది సిరిసిల్లలో ఉండే నర్సవ్వకు వెళ్లింది. ఆ అక్కాచెల్లెళ్లు ముగ్గురిలో చిన్నది ఆమె. ఆమెకూ షుగరే. గోళీలు ఆపమని చెబుదామంటే ఫోన్ ఎత్తదు. ఎత్తినా మగ్గాల చప్పుడులో వినపడదు. సిరిసిల్ల నాకు పుట్టిల్లు. అమ్మీని చూసినట్టూ ఉంటుంది, ఆమెకు చెప్పినట్టూ ఉంటుందని బస్సెక్కాను.

నర్సవ్వ ఇల్లూ మరమగ్గాల షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆమె షెడ్డు తలుపు దగ్గర కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. మగ్గాల మోతకు నా మాట నాకే వినపడటం లేదు. చెవి దగ్గర నోరు పెట్టి, రాజవ్వ ఇంటి నుంచి వచ్చానని, దుబాయ్ గోళీలు మింగుతున్నావా అని అరిచాను.

"గా సీసనా? గూట్ల ఉన్నది సూడు," అని ఆమె కూడా అరిచింది. "పానం తుప్పు వడితే వడనియ్యి, గన్ని గోళీలు ఎవలు మింగుతరు?"

గూట్లో సీసా ఉంది. అదే చందమామ. మూత చుట్టూ ప్లాస్టిక్ సీలు చెక్కుచెదరలేదు. లోపలి గోళీలు మూతదాకా నిండుగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చాను.

"మా అక్క మింగిందా ఏంది?"

"మింగింది. మింగితే ఆమెకు బాలవ్వ కనవడ్డది," అని నేను అరుస్తుండగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నా అరుపు ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా మిగిలిపోయింది.

నర్సవ్వ కండె పక్కన పెట్టింది. గొంతు తగ్గించి అడిగింది.

"నెత్తి తడిగున్నదటనా?"

నేను తల సంగతి చెప్పలేదు. తువ్వాల సంగతీ చెప్పలేదు.

"నా కాడికి గూడ అత్తది," అంది నర్సవ్వ, షెడ్డు లోపలి చీకటి వైపు చూస్తూ. "గిదే యాళ్లకు. అగో, గా రెండు మిషిన్ల నడుమ నిలవడ్తది. సప్పుడుకు మాట వినవడది. పెదవులు ఆడుతయి."

"అక్కకు చెప్పలేదా?"

"ఏమని చెప్త బిడ్డా? దానికి ఆఖరి తానం మేమిద్దరమే పోసినం. నెత్తి తుడుద్దామనేసరికి మొగోళ్లు తొందర వెట్టిండ్రు, పొద్దుగూకుతుందని. తడి నెత్తితోనే సాగనంపినం. చలికాలం. అక్క నా మొఖం సూసింది, నేను అక్క మొఖం సూసిన. గంతే. మల్లెన్నడు గా ముచ్చట ఎత్తలేదు."

నా చదువు నాకు ఒక వివరణ ఇచ్చింది. ఇద్దరు మనుషులు ఒకే దృశ్యాన్ని, ఒకే తప్పును మనసులో మోస్తున్నారు కాబట్టి ఇద్దరికీ ఒకటే కనిపిస్తోంది. రాజవ్వకు గోళీ తలుపు తీసింది. బాగానే ఉంది. మరి నర్సవ్వకు తలుపు ఎవరు తీశారు? సీలు వేసిన ఆ సీసా గూట్లోంచి నన్నే చూస్తున్నట్టనిపించింది.

రాజవ్వ వేలి సంగతి, ఆమె గడప వదలని సంగతి చెప్పాను. నర్సవ్వ లేచి చేతులు కడుక్కుంది.

"బస్సు ఎప్పుడున్నది?"

మర్నాడు ఇద్దరం కోరుట్లలో దిగేసరికి మధ్యాహ్నమైంది. రాజవ్వ గడప దగ్గరే ఉంది. చెల్లెలిని చూసి ఆశ్చర్యపోలేదు. కొంచెం జరిగి మంచం మీద చోటిచ్చింది.

"అక్కా, నువ్వు దవాఖానకు పో. నేనీడ కూసుంట."

"నీ కండెలెవలు సుడుతరు?"

"నా కండెల సంగతి నీకెందుకు? బాలి నీకొక్కదానికే అయిందా? నాకు గూడ అక్కనే గద."

"అది ఏ యాళ్లకత్తదో నీకేం ఎరుక?"

"ఎరుకే."

రాజవ్వ చెల్లెలి ముఖంలోకి చూసింది.

"నీ కాడికి గూడనా?"

"ఆఁ."

"నెత్తి?"

"తడిగనే."

రాజవ్వ భుజాలు ఒక్కసారి దిగిపోయాయి. ఇన్నాళ్లూ ఏదో బరువు ఒక్కతే ఎత్తుకుని, ఇప్పుడు రెండో కొస ఎవరో పట్టుకున్నట్టు. "నాకొక్కదానికే యాదికున్నదనుకున్న," అంది. ఒళ్లో తువ్వాల తీసి, మడత సరిచేసి, చెల్లెలి చేతిలో పెట్టింది.

"గట్టిగ తుడువకు. దానికి నెత్తి నొత్తది. చెవుల ఎనుక గూడ తుడువు."

"ఎరుకనే అక్కా. నువ్వు పో."

ఆ సాయంత్రమే కొడుకూ సుజాతా ఆమెను జగిత్యాల తీసుకెళ్లారు. వేలు పోయింది. పాదం దక్కింది. ఆ రోజుల్లో ఇంట్లో నర్సవ్వ ఒక్కతే ఉంది. వచ్చింది ఎలాగూ వచ్చింది కదా, ఆమె షుగర్ కూడా చూద్దామని పీపీకి నేనే వెళ్లాను. పొద్దు నడినెత్తిన ఉంది. నర్సవ్వ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాల లేదు. వాకిట్లో దండెం మీద ఉంది, నీళ్లతో బరువెక్కి. దాని కొస నుంచి చుక్కలు రాలి మట్టిలో చిన్న గుంట చేస్తున్నాయి.

"అచ్చిందా?" అని అడిగాను.

నర్సవ్వ దండెం వైపు చూసింది. "ఎండ గట్టిగున్నది. పొద్దుగూకేసరికి ఆరుతది తియ్యి," అని చెయ్యి చాపింది.

తువ్వాల ఉతికి ఆరేసిందేమో. అడిగితే చెప్పేదే. పట్టీ కట్టి నరం వెతుక్కున్నాను.

ఈ కేసు నా పనిని రెండు చోట్ల మార్చింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, డాక్టర్ రాసినవి కాకుండా ఇంకేం మింగుతున్నారని అడుగుతాను. చుట్టాలు తెచ్చినవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి, మంచివని విన్నవి అన్నీ. డబ్బాలు తెరిపిస్తాను, అవసరమైతే జీలకర్ర కూడా వాసన చూస్తాను. రెండో ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. దవాఖానకు వెళ్లాల్సి వస్తే ఇంట్లో ఎవరిని వదిలిపెట్టి వెళ్లాలి అని అడుగుతాను. మనిషి ఆపరేషన్‌ను వాయిదా వేస్తున్నాడంటే మేము భయమనో మొండితనమనో అనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. మంచాన పడ్డ భార్య, వేరే చేతికి పాలివ్వని బర్రె, ఎవరో ఒకరు. ఆ ఒకరికి ఏర్పాటు చేస్తే మనిషి కదులుతాడు.

మొన్నామధ్య మా జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక పెద్దాయనను ఇదే అడిగాను. షుగర్‌తో చూపు మందగించింది, కంటి ఆపరేషన్‌కు ఏడాదిగా రేపు మాపు అంటున్నాడు. ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటాడని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు.

"నువ్వు దవాఖానకు పోతే ఇంట్ల ఎవలకన్న ఇబ్బందా తాతా?"

ఆయన నా వెనక ఉన్న లోపలి గది వైపు ఒకసారి చూసి, ముందుకు వంగాడు.

"మెల్లగ అడుగు బిడ్డా. ఆమె వింటది."

నేను వెనక్కి తిరగలేదు. గొంతు తగ్గించి, ముందుగా ఏమేం గోళీలు మింగుతున్నాడో అడిగాను. తర్వాత ఆమె పేరడిగాను.